మోగని మధ్యాహ్నం

ఆ పొద్దున మబ్బు కిందికి దిగింది గానీ కురవలేదు. అలిగిన చుట్టంలా ముఖం ముడుచుకుని కూర్చుంది.

అంబులెన్సుల ఆఫీసు మెట్లెక్కి ఒక కొత్త మనిషి లోపలికొచ్చాడు. చంకలో గుడ్డసంచి.

"ఏం కావాలి?" అన్నాడు యజమాని బావమరిది, టేబులు మీంచి తలెత్తకుండా.

జవాబు లేదు. మళ్లీ అడిగాడు. లేదు. విసుగ్గా తలెత్తాడు.

"నాకు చెవులు పనిచెయ్యవు బాబూ. ముఖం ఇటు పెట్టి అడిగితే పెదాలు చూసి పట్టుకుంటాను," అన్నాడు ఆ మనిషి, అవసరానికి మించి గట్టిగా. "ఫోన్ల సర్వరు మారుస్తున్నారని విని వచ్చాను."

"విని వచ్చాడట," అనుకుని బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లన్నీ ఆ సర్వరు మీదుగానే మోగుతాయి. కొత్తదాంట్లో ఏ సాఫ్ట్‌వేరు ఉండాలని ఏడాదిగా ఆ ఇంట్లో గొడవ. యజమాని బావది లైనక్స్ మాట, ఆఫీసు చూసుకునే బావమరిదిది విండోస్ మాట. ఈ రెండు మాటల మధ్య అక్క ఇద్దరికీ చల్లారిన కాఫీలే పోసింది.

కిందటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం పాత సర్వరు మొరాయించి, పొద్దు వాలేదాకా ఒక్క ఫోనూ మోగలేదు. ఆ రోజు బావ ఊళ్లో లేడు. అప్పట్నుంచి ఆ డబ్బా మీద ఆయనకు నమ్మకం చచ్చిపోయింది.

బావ వచ్చి కొత్త మనిషికి కుర్చీ వేయించాడు.

బావమరిది బావ చెవి దగ్గరికి వంగాడు. "చెవిటివాడి చేత ఫోన్లు పెట్టించుకుంటే జనం నవ్వుతారు బావా."

"నవ్వితే నాకు వినబడదులే బాబూ," అన్నాడు ఆ మనిషి సంచి విప్పుతూ.

బావ ముఖం చిన్నబోయింది. బావమరిది కిటికీలోంచి మబ్బు వంక చూశాడు.

"మీరే చెప్పండి. లైనక్సా, విండోసా?" అన్నాడు బావ మాట మారుస్తూ.

"లైనక్స్‌కి లైసెన్సు ఖర్చు ఉండదు, చూసుకోవడానికి తెలిసినవాడు కావాలి. విండోస్ తెర మీ వాళ్లకి అలవాటే, దానికి ఖర్చు పెట్టుకోవాలి. ఫోను మోగడానికి ఏదైనా చాలు సార్. ముందు పాతదాన్ని చూడనివ్వండి."

సర్వరు మూత తీశాడు. దుమ్ము ఊదాడు. తన కంప్యూటర్‌కి తగిలించి చాలాసేపు తెర చూశాడు. డబ్బా మీద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డ గుండె చూసినట్టు చూశాడు.

"దీనికేం రోగం లేదు సార్. ఇంకా చాకిరీ చేస్తుంది. కొత్తది కొనకండి."

"ఇదేం బేరం? అమ్మడానికొచ్చి కొనొద్దంటాడు," అన్నాడు బావమరిది. ఈసారి ముఖం పక్కకి తిప్పుకుని మరీ అన్నాడు.

ఆ మనిషి టేబులు కిందికి వంగాడు. గోడకి ఒకటే సాకెట్టు. అందులో సర్వరు ప్లగ్గు. పక్కనే నేల మీద, నిలబడే ఫ్యాను వైరు.

"ఈ ఫ్యాను ప్లగ్గు ఎక్కడ పెడతారు?"

"ఇప్పుడు దాంతో పనిలేదు లెండి. ఎండాకాలంలో మాత్రం అది లేకపోతే మావాడు కుర్చీలో కూర్చోలేడు," అన్నాడు బావ నవ్వుతూ.

ఆ మనిషి సాకెట్టు చూశాడు. ఫ్యాను చూశాడు. తర్వాత బావమరిదిని చూశాడు.

బావమరిది కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆ ప్లగ్గు పీకి ఫ్యాను పెట్టుకుని, టేబులు మీద తల వాల్చి, పొద్దు వాలాక లేచి దాన్ని మళ్లీ పెట్టినవాడు అతనే. మిషన్ మీద నెపం పెట్టినవాడూ అతనే. పాతది పనికిరాదు, విండోస్‌ది కొనాలని ఏడాదిగా అరిచింది ఆ నెపం నిలబడడానికే.

ఆ మనిషి సంచిలోంచి మూత ఉన్న చిన్న పెట్టె తీసి, సర్వరు ప్లగ్గు మీద బిగించి, నాలుగు మూలలా స్క్రూలు తిప్పాడు. ఫ్యాను కోసం అవతలి గోడకి వైరు లాగి ఇంకో సాకెట్టు పెట్టాడు.

"ఇక గాలీ ఆడుతుంది, ఫోనూ మోగుతుంది," అన్నాడు.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అక్క మాత్రం అన్నం తినకుండా వదల్లేదు. ఆఫీసు వెనకే ఇల్లు. నలుగురికీ కంచాలు పెట్టి తనూ కూర్చుంది.

"పుట్టుకతోనేనా అన్నయ్యా?" అని అతనికి ఎదురుగా ముఖం పెట్టి అడిగింది.

"కాదమ్మా. కిందటి ఎండాకాలం జ్వరం మెదడుకెక్కింది. కాస్త ముందు తీసుకొస్తే చెవులు దక్కేవన్నాడు డాక్టరు."

"అయ్యో. ఎందుకు ఆలస్యమైంది?"

"మధ్యాహ్నం నుంచీ మా ఆవిడ అంబులెన్సుకి ఫోన్ చేస్తూనే ఉందట. కలవలేదు. పొద్దు వాలాక ఎవరిదో సామాన్ల బండి దొరికింది."

బావ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఎవరి అంబులెన్సు?" అన్నాడు.

"మీదే సార్. మళ్లీ ఇంకెవరికీ అట్లా కాకూడదని చూసి పోదామని వచ్చాను."

బావమరిది తల కంచంలోకి వాలిపోయింది.

"ఆ రోజు ప్లగ్గు తీసింది నేనే," అన్నాడు మెతుకుల్లోకి.

అక్కకి వినబడింది. బావకి వినబడింది. వినవలసిన మనిషికి ఎదురుగా ముఖం ఎత్తడానికి మాత్రం అతని మెడ లేవలేదు.

ఆ మనిషి వంచిన తల వంక ఒకసారి చూసి, తన ముందున్న నీళ్ల గ్లాసు అతని వైపు జరిపాడు.

ఆ తర్వాత నలుగురూ, ఆ ఒక్కడికే అలవాటైన నిశ్శబ్దంలో, చివరి ముద్ద దాకా తిన్నారు.