తెల్ల గుడ్డ

తమ్ముడి గది తలుపు తీయగానే అక్క ముక్కు మూసుకుంది.

విడిచి పారేసిన చొక్కాలు, ఎండిపోయిన ఎంగిలి పళ్ళాలు, కప్పు అడుగున బూజు పట్టిన టీ. వాటి మధ్య వాడు. మాసిన గడ్డం, అట్టకట్టిన జుట్టు. స్నానం చేసి ఎన్నాళ్ళయిందో వాడికే తెలియాలి.

"ఛీ! మనిషివేనా నువ్వు? పందుల దొడ్డి నయం" అంది.

అక్క ఒక పెద్ద హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. పనివాళ్ళు గది సర్దాక తెల్ల గుడ్డతో తలుపు పైఅంచు తుడిచి చూస్తుంది. గుడ్డ మాసిందా, ఆ గది మళ్ళీ మొదటినుంచీ కడగాల్సిందే. మరక కంటబడితే ఆమె వదలదు. ఆ సంగతి తమ్ముడికి బాగా తెలుసు.

గది మురికి ఎలాగో భరించేది. వాడు కాళ్ళ మీద పడి చెప్పిన మాటే ఆమెకు వాంతి తెప్పిస్తోంది.

"అక్కా, నేను మెత్ అనే మత్తుమందుకి అలవాటుపడ్డాను. ఆస్పత్రికి తీసుకెళ్ళు."

తెలిసినవాళ్ళ ముందు తలెత్తుకునేదెలా? అక్క పళ్ళు పటపటా కొరికింది. ఈ మధ్య ఆమెకు అదో అలవాటైపోయింది.

"నీ కంపుకి నాకు ముద్ద దిగడం లేదు. యూనిఫాం చూడు, కొంకికి తగిలించినట్టు ఎలా వేలాడుతోందో! నీ గదిలో పురుగులన్నీ వచ్చి నా ఒంటి మీద పాకుతున్నాయి."

పొడుగు చేతుల చొక్కా మీదనే మోచేతులు బరబరా గోక్కుంది. తమ్ముడు తల దించుకున్నాడు.

"వెళ్దాం గానీ, డాక్టరు చేరమంటే చేరాలి. మధ్యలో లేచి వచ్చేయకూడదు. ఒట్టెయ్యి అక్కా."

"చేరక ఎక్కడికి పోతావు? చేరమంటే చేరాల్సిందే, మారు మాట్లాడ్డానికి వీల్లేదు. అమ్మ మీద ఒట్టు!"

"అమ్మ మీద ఒట్టేగా?"

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

బస్సులో వాడి పక్కన కూర్చోలేదు. రెండు వరసలు ముందుకెళ్ళి కూర్చుంది.

ఆస్పత్రి వరండాలో కుర్చీని తెల్ల గుడ్డతో తుడిచి చూసుకుంది. గుడ్డ మాయలేదు. అప్పుడు కూర్చుంది. కాళ్ళు కుదురుగా నిలవడం లేదు. "చేతులు కడుక్కొస్తా" అంటూ సంచీ తీసుకుని లేచింది. వచ్చేసరికి మొహంలో కాస్త కళ తిరిగింది. ఇంకాసేపటికి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ సంచీతోనే. తిరిగొచ్చి కుర్చీ చేతిని ఇంకోసారి తుడిచింది.

గుడ్డకు ఎర్రగా అంటింది.

"రక్తం! యాక్! ఇది ఆస్పత్రా, కబేళానా?" అని ఆయా మీద విరుచుకుపడింది.

"ఇందాకే తుడిచానమ్మా" అంది ఆయా.

"తుడిచావు నా తలకాయ!"

ఇంతలో లోపలికి పిలిచారు. డాక్టరు తమ్ముడి వైపు ఒకసారి చూసి అడిగాడు.

"నిద్ర పడుతోందా?"

తమ్ముడు నోరు విప్పేలోగా అక్క అందుకుంది. "వీడికేం రోగం, కుంభకర్ణుడు! వీడి మురికి కడగలేక కంటి మీద కునుకు లేనిది నాకు."

"తిండి?"

"పెట్టింది పెట్టినట్టు మెక్కుతాడు. చూస్తుంటేనే నాకు కడుపులో దేవుతుంది."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టి తీసుకురావడమే కష్టం. అది అయింది కాబట్టి సగం పని అయినట్టే. ఈ రోజే చేర్చుకుంటాం. బాగవుతారు. చేరడానికి ఇష్టమేనా?"

"ఇష్టం లేకపోవడమేంటి?" అంది అక్క. "చేరమంటే చేరాల్సిందే. అమ్మ మీద ఒట్టేసి మరీ వచ్చాం."

తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లేచి వచ్చి, రక్తంతో తడిసిన అక్క చొక్కా చేతిని మెల్లగా పైకి మడిచి, "పేషెంటు మా అక్కండీ, తనకని చెబితే రాదని నాకని అబద్ధం చెప్పి తీసుకొచ్చాను" అన్నాడు.