అవతలి ఒడ్డు చేతిరాత

"ఈ నెల నుంచి కార్డులు వదలొద్దు సరంగుగారూ. ఆపేస్తున్నాం," అంది సైంటిస్టమ్మ, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

పడవ నడిపే సరంగు చేతిలో ఉన్న కార్డుల కట్టను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"అదేంటమ్మా! నత్తపిల్లల సంగతి తేలకుండానే ఆపేస్తే ఎలా?"

"తేలింది కాబట్టే ఆపుతున్నాం."

నత్తపిల్లలు ఎటు కొట్టుకుపోతాయో కనిపెట్టడమే ఆ సముద్ర పరిశోధన కేంద్రం పని. సముద్రపు నత్తపిల్లలు ఆవగింజలో పావు వంతు కూడా ఉండవు. పుట్టాక నెల రోజులు నీళ్ళలో తేలడమే తప్ప సొంత దారంటూ ఉండదు పాపం, ప్రవాహం ఎక్కడ దింపితే అదే వాటి ఊరు. కంటికి ఆనని వాటి వెంట ఎవరు పడగలరు? అందుకని మైనం పూసిన పసుపు కార్డులు వాటితోపాటు సముద్రంలో వదులుతారు. దొరికినవాళ్ళు తేదీ, చోటు రాసి పోస్టులో వేస్తే చాలు. స్టాంపు కూడా అక్కర్లేదు.

అవతలి ఒడ్డుకి కొట్టుకుపోయిన కార్డులన్నీ ఒకే చేతిరాతతో తిరిగొచ్చేవి. కుడికి ఒరిగిన ఆ అక్షరాలు ఎవరివో సరంగుకి తెలుసు. "నువ్వు నా కూతురివే కాదు పో" అని నోరు జారి, తను ఇంట్లోంచి పంపేసిన పిల్లవి. కార్డులు వదిలేది నాన్నేనని ఆ పిల్లకీ తెలుసు, అయినా మళ్ళీ ఉత్తరం ముక్క రాయలేదు. ఈయనా మొండికేసి కూర్చున్నాడు. కానీ కార్డు మీద తేదీ పడిందంటే ఆ రోజుకి కూతురు క్షేమంగా ఉన్నట్టే. కార్డు వచ్చిన రోజు కడుపునిండా అన్నం తినేవాడు.

"ఐదు నెలలుగా అవతలి ఒడ్డు నుంచి ఒక్క కార్డూ లేదు," అంది సైంటిస్టమ్మ. "అంటే ప్రవాహం దారి మళ్ళింది. ఇక్కడ పుట్టిన నత్తపిల్లలు ఇక అక్కడికి చేరవు. అక్కడ వాటి జాతి అంతరించినట్టే. నాకూ బాధగానే ఉంది."

"ప్రవాహమే మళ్ళిందంటారా?" సరంగు ముందుకు వంగాడు. "ఖాయంగానా?"

"లేకపోతే కార్డులన్నీ ఏమైనట్టు?"

"అవునవును. నీళ్ళదే తప్పు. మనుషులకేం కాలేదు."

ఐదు నెలలుగా బిగబట్టిన ఊపిరి ఆయన ఇప్పుడు వదిలాడు. సైంటిస్టమ్మ వింతగా చూసింది. ఇన్నేళ్ళ పని నీళ్ళపాలైతే ఈ మనిషి సంబరపడుతున్నాడేమిటి!

"మళ్ళీ అటు తిరుగుతుందామ్మా, ప్రవాహం?"

"ఏమో. ఏడాదో, రెండేళ్ళో పట్టొచ్చు."

"పట్టనీండి. నాకేం తొందర లేదు."

అప్పుడే అటెండరు టపా తెచ్చి బల్ల మీద పడేసి వెళ్ళాడు. కరెంటు బిల్లు, ఏదో సభకి పిలుపు, వాటి కింద పసుపు రంగు కార్డు. సైంటిస్టమ్మ దాన్ని లాగి చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అవతలి ఒడ్డేనండీ! నంబరు చూడండి, నెలన్నర కిందట మీ చేత్తో వదిలిందే. ప్రవాహం మళ్ళలేదు సరంగుగారూ! పిల్లలు చేరుతూనే ఉన్నాయి!"

ఆమె కార్డును ఆయన ముందుకు చాపింది. సరంగు బల్ల అంచు పట్టుకుని కార్డు అందుకున్నాడు.

అక్షరాలు ఒరిగి లేవు. పెన్సిలుతో, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా, గీత దాటి కిందికి దిగిపోయాయి. ఆయన కూడబలుక్కుని చదివాడు.

"అమ్మ చనిపోయింది. ఇకనుంచి కార్డులు నేను ఏరి పంపుతాను, తాతయ్యా."