గుడ్డీ చెప్పిన కల

"ఆ టీవీ కట్టీవే! పొద్దల్లా అదే గోల!" అప్పలనరసమ్మ కేకేసింది.

మనవరాలు కదల్లేదు. తెరమీద చుంకూ అనే బొమ్మ కుర్రాడు దుప్పటి ముసుగేసి కళ్లు మూసుకున్నాడు. అంతే, మంచం గాల్లోకి లేచి, మబ్బుల్లో ఓ పెద్ద గేటు ముందు ఆగింది. గణగణా గంట మోగింది. గేటు తెరుచుకుంది.

"నానమ్మా, చుప్! చుంకూ సప్నాలోకి వెళ్తున్నాడు."

"సప్నా ఏటే, సప్నా! తెలుగోళ్ల పిల్లవి. కల అనలేవూ?"

"కల," అంది గుడ్డీ తెరమీంచి కళ్లు తిప్పకుండా.

గుడ్డీ అన్నది పిల్ల ముద్దుపేరు. హిందీలో బొమ్మ అని అర్థమని కోడలు చెప్పింది. అయినా కళ్లున్న పిల్లని అలా పిలవడానికి అప్పలనరసమ్మకి ఇప్పటికీ నోరు రాదు. ఈ రాయపూర్‌లో అన్నీ ఇలాంటి తిరకాసులే.

పలాసలో రైలెక్కి వచ్చింది మొదలు ఆవిడకి కాలు నిలవడం లేదు. కొడుకు వీరేంద్ర పెళ్లాంతో మాటామాటా అనుకుని, మళ్లీ ఈ గడప తొక్కనని వెళ్లిపోయాడు. ఫోను పలకదు. సిల్తారా ఫ్యాక్టరీలో అడిగితే పని మానేశాడన్నారు. కోడలు భాగ్యశ్రీని కదిపితే "ఆయనే వస్తార్లెండి" అని ముఖం తిప్పుకుంటుంది. పైగా తెచ్చుకున్న చుట్టలు అయిపోయాయి. బీర్‌గావ్ బజారంతా గాలించినా ఊరి చుట్టలాంటిది ఒక్కటి దొరకలేదు. అటు కొడుకూ లేక, ఇటు పొగా లేక, ఆవిడ కాలు కాలిన పిల్లిలా గదికీ బాల్కనీకీ తిరుగుతోంది.

టీవీలో సబ్బు ప్రకటన రాగానే గుడ్డీ జరిగొచ్చి, ఆవిడ చెవిలో నోరు పెట్టింది.

"నానమ్మా, కల నాన్న వచ్చాడు."

అప్పలనరసమ్మ గుండె ఝల్లుమంది. మరుక్షణం నీరుగారింది. నేర్పిన మాట ఇంత తొందరగా పట్టేసిందని మురవాలో, ఆ మాట ఇందుకు వాడినందుకు ఏడవాలో తెలియలేదు.

"ఒట్టి కల కాదమ్మా, కల్లో అనాలి. కల్లో నాన్నొచ్చినాడా?"

"హా. గేట్ దగ్గర నిలబడ్డాడు. ఘంటీ మోగాక."

ఇంకేముంది, గేటూ గంటా! బొమ్మల పిచ్చి పిల్ల నెత్తికెక్కింది. కసురుదామనుకుంది గానీ నోరు వేరే మాట అడిగేసింది.

"ఎలాగున్నాడే?"

"సన్నగా అయిపోయాడు. నువ్వు వచ్చావని చెప్పానా, ఏడ్చాడు. కల మళ్లీ వస్తాడంట, గేట్ దగ్గరికే. నిన్ను రమ్మన్నాడు. ఫిర్ దూరం వెళ్లిపోతాడు. మమ్మీకి చెప్పొద్దు, హా?"

చుంకూ కూడా అంతే. కల సంగతి ఎవరికైనా చెబితే గేటు మూసుకుపోతుందని పిల్లే ఓసారి చెప్పింది.

"వస్తావా నానమ్మా? పక్కా?"

"పక్కా," అని అప్పలనరసమ్మ పిల్ల చేతిలో చెయ్యేసింది. పసిదాన్ని చిన్నబుచ్చడం ఎందుకులే అనుకుంది.

రాత్రి పిల్ల పక్కనే పడుకుంది. కంటిమీద కునుకు లేదు. కునుకే లేనప్పుడు కల ఎక్కణ్నుంచి వస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం, పిల్ల బళ్లో ఉండగా, ఎవరూ చూడ్డం లేదు గదా అని గుడ్డీ తలగడ తెచ్చుకుని నడుం వాల్చింది. చెబితే నవ్విపోతారు గానీ, చుంకూలా దుప్పటి ముసుగు కూడా వేసింది. ఏమో, ఒక్కసారి కనబడితే? ఉర్లా వైపు ఎక్కడో ఫ్యాక్టరీ సైరన్ కూసింది. అటు దొర్లింది, ఇటు దొర్లింది. మూసిన కళ్లలో చీకటి తప్ప కొడుకు లేడు.

"కన్నతల్లి కల్లోకి రావడానిక్కూడా తీరిక లేదట్రా నీకు?" అని తిట్టింది. తిట్టి, దుప్పటితోనే కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం స్కూలు ఆటో దిగి వచ్చిన గుడ్డీ, బ్యాగు విసిరేసి మూల నిలబడింది. టీవీ వంక కూడా చూడలేదు.

"ఏటే, నీ చుంకూ వచ్చే వేళైపోనాది?"

"నువ్వు ఝూఠీ! పక్కా అన్నావు. రాలేదు!"

"నిద్దర పట్టలేదే తల్లీ. నేనేటి సెయ్యను?"

పిల్లకి ఏడుపు తన్నుకొచ్చింది. బ్యాగు జిప్పు లాగి, కాగితం పొట్లం ఒకటి తీసి నానమ్మ ఒళ్లో పడేసింది. "నాన్న ఇచ్చాడు. ఎంతసేపు నిలబడ్డాడో! గాడీ టైమ్ అయిందని వెళ్లిపోయాడు."

పొట్లం విప్పింది అప్పలనరసమ్మ. చుట్టలు. అచ్చం ఊరి చుట్టలు, ఘాటైన వాసనతో సహా.

"ఓలమ్మో! భాగ్యశ్రీ, బేగి రామ్మా!"

అప్పుడే ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి టీ పెడుతున్న కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అప్పలనరసమ్మ చుట్టలు ఆమె ముందుకు చాపింది.

"ఇది నిన్న నాతో అన్నాదమ్మా, కల నాన్నొచ్చాడు, కల మళ్లీ గేటు కాడికి వస్తాడని! నేనా బొమ్మల్లో కలే అనుకున్నాను. కల్లో ఇచ్చిన చుట్టలు నా సేతికెలాగొచ్చినాయే?"

"స్కూల్ గేటు దగ్గరేనా?" అని భాగ్యశ్రీ అడిగితే గుడ్డీ తలూపింది. భాగ్యశ్రీ అత్తగారి వైపు తిరిగింది.

"అది కల అనలేదు అత్తయ్యా, కల్ అంది... ఈ ఊళ్లో నిన్నా కల్లే, రేపూ కల్లే."