పదో తల

కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చునేవాడే లేడు.

"రా టైలరన్నా, నీ వంతు" అన్నాడు బార్బరు, తువ్వాలు దులుపుతూ.

"నాకేం తొందర? పేపరు చదువుకోనీ" అన్నాడు పక్కకొట్టు టైలరు. చేతిలో ఉన్నది మొన్నటి పేపరు. కళ్ళు మాత్రం అద్దం మీదే ఉన్నాయి.

అద్దం మూలన సబ్బుతో గీసిన గీతలు ఎనిమిది. తలకో గీత. తొమ్మిది తలలు బార్బరువి, పదో తల దేవుడిది. దానికి డబ్బు పుచ్చుకోడు. సాయంత్రానికి చేతిలో ఏం మిగులుతుంది, సంపాదనలో పదోవంతు దశమభాగమని తీసి చర్చి కానుకపెట్టెలో వెయ్యడానికి? అందుకని తలల్లోనే ఇచ్చేస్తున్నాడు. దిక్కూమొక్కూ లేనివాడెవడైనా ఆ పూట మనిషిలా తయారై పోతాడనుకున్నాడు. తీరా చూస్తే బజారంతా గీతలు లెక్కపెట్టడం నేర్చుకుంది.

మూల స్టూలు మీద ఒక మనిషి. మాసిన చొక్కా, వారం రోజుల గడ్డం. నాలుగు రోజులుగా పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాడు. ఎవరొచ్చినా "ముందు మీరు కానివ్వండి" అంటాడు. పదో తల వచ్చేసరికి ఎవడో ఒకడు కుర్చీలోకి దూకుతాడు. ఈయన సాయంత్రం దాకా చూసి, ఆ గడ్డంతోనే లేచి పోతాడు. డబ్బు లేదు, అడగడానికి నోరు రాదు. అలా అనుకుని బార్బరు జాలిపడేవాడు.

పొద్దున బయల్దేరుతుంటే పెళ్ళాం కూడా దెప్పింది. "దేవుడి తల దేవుడి తల అని బలిసినవాళ్ళ తలలు గొరుగుతున్నావు. ఆ మనిషి తల దేవుడికి ఆనదా?"

"ఇవాళ ఆయనదే" అని మాటిచ్చి వచ్చాడు.

"టైలరన్నా, కూర్చుంటావా, కొట్టు కట్టెయ్యమంటావా?"

టైలరు గొణుక్కుంటూ కూర్చున్నాడు. కటింగు అయింది. డబ్బులిచ్చాడు. "ఒక్క తలలో తప్పిపోయింది కదరా!" అని మెడ దులుపుకున్నాడు. బార్బరు తొమ్మిదో గీత గీసి, మూలకి తిరిగాడు.

అప్పుడొచ్చాడు సంఘపెద్ద.

మందిరంలో ప్రతి ఆదివారం దశమభాగం గురించి గొంతు చించుకునేది ఆయనే. ఈ కొట్టు కూడా ఆయనదే. వస్తూనే అద్దం వంక చూశాడు.

"తొమ్మిది. సరైన వేళకే వచ్చాను" అని కుర్చీలో కూలబడ్డాడు.

బార్బరు అద్దం దగ్గరికి వెళ్ళాడు. తడిగుడ్డ తీసుకుని ఒక గీత తుడిచేశాడు.

"అదేంట్రా?"

"పొద్దున ఒకటి ఉత్త గడ్డం అయ్యగారూ. గడ్డం తల కిందికి రాదు."

"తల కింద కాక మరెక్కడుంటుందిరా గడ్డం?" అని టైలరు కిసుక్కున నవ్వాడు.

"పోయిన నెల నా గడ్డం లెక్కలోకి వచ్చిందిగా?" అన్నాడు సంఘపెద్ద.

"అప్పుడు తెలీక చేశానయ్యగారూ."

"అయితే నేను లేస్తాను. ముందు ఆ మూలనున్నాయన్ని కానివ్వు."

మూలనున్న మనిషి గాభరా పడ్డాడు. "వద్దండీ, మీరే కానివ్వండి."

బార్బరు అప్పటికే సంఘపెద్ద మెడకి గుడ్డ చుట్టి ముడేశాడు. కత్తెర తీశాడు.

"దేవుడి సొమ్ము దగ్గర దొంగలెక్కలా?" అన్నాడు సంఘపెద్ద అద్దంలోంచి చూస్తూ. "ఈ కొట్టెవరిదో గుర్తుందా?"

"మీదేనయ్యగారూ."

"ఫో అంటే ఎక్కడికి పోతావు?"

కత్తెర ఆగింది. ఈ కొట్టు తప్ప ఇంకో ఆధారం లేదు. కొట్టు పోతే పెళ్ళాం పిల్లలతో వీధిన పడాల్సిందే. ఆ సంగతి అడిగినాయనకీ తెలుసు.

"మీ దయ అయ్యగారూ" అన్నాడు బార్బరు. కత్తెర మళ్ళీ ఆడింది.

సంఘపెద్ద నోటు విసిరాడు. చిల్లర రెండుసార్లు చూసుకుని జేబులో వేసుకున్నాడు. మెట్లు దిగిపోయాడు.

"కొరివితో తల గోక్కున్నావురా" అన్నాడు టైలరు. అతనూ పోయాడు.

బార్బరు చెరిపిన తొమ్మిదో గీత మళ్ళీ గీశాడు, వంకర పోకుండా. కుర్చీ తుడిచాడు. వాడిన గుడ్డ పక్కన పడేసి, ఉతికినది తీశాడు. నీళ్ళు వెచ్చబెట్టాడు. లోపల ఎక్కడో చిన్న సంతోషం. ఇన్నాళ్ళకి దేవుడి భాగం దేవుడికి చేరబోతోంది.

"రా అన్నా. నీదే వంతు. డబ్బు మాటెత్తకు. ఇది నేనిచ్చేది కాదు, దేవుడిచ్చేది."

ఆ మనిషి లేవలేదు.

"నాకొద్దు తమ్ముడూ."

"మొహమాటం దేనికన్నా? నీకోసమే అబద్ధమాడాను. కొట్టు పోతే పోనీ అనుకున్నాను. కూర్చో."

ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల దించుకున్నాడు.

"నాదీ కత్తెర పనే తమ్ముడూ. నాలుగు రోజులు కూర్చుని రోజుకెన్ని తలలొస్తాయో చూసుకో, ఒకటో తారీకు నుంచి కొట్టు నీదే అన్నాడు... ఇందాక నోటు విసిరి పోయినాయన."