పాలిష్‌కి ముందు పని

"ఒక్క ఇసుక రేణువు కనబడిందంటే ఊరుకోను," అన్నాడు రామ్మోహనరావు, బకెట్లోకి తొంగి చూస్తూ.

"కనబడదండి," అంది నాగేశ్వరి.

డెబ్బై మూడులో కొత్తగూడ అంటే రాతిగుండ్లూ, జొన్నచేలూ. వాళ్ల అద్దె ఇల్లే రెండు గదులు. ఇక గ్యారేజీ ఎక్కడిది? నల్ల ఫియట్ ఇంటి వెనక పెద్ద గుండు నీడలో ఉండేది. పది దాటితే అక్కడికీ ఎండొచ్చేస్తుంది. ఎండలో కడిగితే నీళ్లు ఎక్కడివక్కడ ఎండి మచ్చలు కడతాయి. అందుకని పది లోపల అంతా అయిపోవాలి.

ఆ కారుని ఆయన ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఈ ఆదివారం నాగేశ్వరే, "నేను చేస్తా, మీరు చెబుతూ ఉండండి," అంది. ఆయనకి అనుమానమొచ్చింది. రావాలి కూడా.

పోయిన శ్రావణంలో ఆవిడకి నొప్పులొచ్చాయి. బయట జోరు వాన. హఫీజ్‌పేట్ మంత్రసాని సీతాబాయి వచ్చి చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది సారూ, జల్ది దవాఖానకి తీస్కపోవాలె. బండి తియ్యుండ్రి," అంది. ఆ పొద్దున్నే రామ్మోహనరావు కారుకి పాలిష్ పెట్టాడు. రోడ్డంతా బురద.

"వాన కాస్త తెరిపివ్వనీ," అన్నాడు.

తెరిపివ్వలేదు. చివరికి ఎడ్లబండిలో వెళ్లారు. బిడ్డ దక్కలేదు.

అందుకే ఇవాళ స్టూలు వేసుకుని కాపలా కూచున్నాడు. పెళ్లాం మొహం వంక ఒక్కసారీ చూడలేదు. ఆవిడ చేతుల వంకే చూశాడు.

ముందు ఉత్త నీళ్లు. దుమ్ము దానంతటదే జారాలి, రుద్దకూడదు. టాపు మొదట, చక్రాలు ఆఖర్న. తర్వాత కుంకుడు రసం. బట్టల సోడా వేస్తే రంగు వెలిసిపోతుంది.

గోడవతల నుంచి పక్కింటి చంద్రమ్మ మెడ చాచింది. "ఏందమ్మా, కారుకు తలంటు పోస్తున్నవా?"

"అవునక్కా. మళ్లీ పోసే భాగ్యం ఉంటుందో లేదో."

మడ్‌గార్డుల మీద తారు చుక్కలున్నాయి. వాటి మీద కిరసనాయిల్లో తడిపిన దూది పెట్టి కాసేపు ఊరనివ్వాలి. గోకితే గీత పడుతుంది.

"ఎక్కడ గోకుతావోనని చూస్తున్నా," అన్నాడాయన.

"గోకితే నాకేమొస్తుందండి? మళ్లీ రంగేయించుకుంటారు."

ఆ మాట ఆయనకి నచ్చింది. బుద్ధొచ్చిందనుకున్నాడు.

"తుడవడానికి మెత్తటి గుడ్డలు తే. పెట్టెలో ఉన్నాయిగా, పాత ధోవతులవి. వాటికింకేం పని?"

నాగేశ్వరి చెయ్యి ఆగింది. పుట్టబోయే బిడ్డకని ఉతికి ఉతికి మెత్తబరిచి, అంచులు కుట్టి దాచిన గుడ్డలవి. పన్నెండు.

లోపలికెళ్లి పన్నెండూ తెచ్చింది. ఒక్కో గుడ్డా దులిపి, వెలుతురుకి పట్టి, ఆయనకి చూపించి మరీ తుడిచింది. గుండ్రంగా కాదు, నిలువుగా. తలుపు సందులు కూడా తుడుస్తానని తాళం అడిగి తీసుకుంది.

ఆఖరి పరీక్ష మిగిలింది. సిగరెట్ పెట్టె మీది గాజులాంటి పల్చటి కాయితం వేలికి చుట్టుకుని, రంగు మీద మెల్లగా జరిపింది. రవ్వంత గరుకున్నా వేలికి ఇట్టే తెలుస్తుంది. లేదు. ఆయనా చుట్టుకుని చూశాడు, డిక్కీ నుంచి బానెట్ దాకా. ఎక్కడా లేదు.

"శభాష్! నా కారు కొన్న రోజున కూడా ఇంత శుభ్రంగా లేదే," అంటూ పాలిష్ డబ్బా మూత తీశాడు.

"అది వాళ్లు పెట్టుకుంటారు లెండి."

"ఎవరు?"

గుండు పక్కనుంచి సీతాబాయి వచ్చింది. వెంట ఆవిడ తమ్ముడు మొగిలి, లారీ డ్రైవరు. నాగేశ్వరి తాళం మొగిలి చేతిలో పెట్టింది.

"ఇవాళ్టినించి ఇది కాన్పులకి తిరిగే బండి. వానైనా, బురదైనా."

"జర భద్రంగనే చూసుకుంట అమ్మా," అన్నాడు మొగిలి.

రామ్మోహనరావు పగలబడి నవ్వాడు. "నా కారు దానం చెయ్యడానికి నువ్వెవరే? ఒరేయ్, చెయ్యి తియ్యి! పోలీసుల్ని పిలుస్తా!"

"పిలవండి," అంది నాగేశ్వరి, చేతులు తుడుచుకుంటూ. "అలాగే మీ ఆఫీసులో కూడా చెప్పండి."

ఆయన నవ్వు ఆగిపోయింది.

తను కారు కొన్నట్టు పైఆఫీసర్లకి తెలిస్తే ఎలా కొన్నావని నిలదీస్తారని, మూడేళ్ల కిందట కాగితాలన్నిటి మీదా నాగేశ్వరి పేరు రాయించింది ఆయనే.