అమ్మనడిగి చెబుతాను

మీటింగు మూడు గంటలకు. ఒంటిగంట కాకముందే ఎవోన్ పడవ మోటారు తాడు లాగాడు. అది మూడుసార్లు దగ్గి ఊరుకుంది. నాలుగోసారి నోరారా తిట్టాక లేచింది.

ఇంట్లో కాలు నిలవలేదతనికి. ఊరి కౌన్సిల్లో ఏడుగురు. ఏటి ఎగువన తవ్వబోయే రాగి గనికి రోడ్డు ఊరి భూమి మీదుగా పోవాలి, ఏటి మీద వంతెన పడాలి. ముగ్గురు ఇద్దామన్నారు, ముగ్గురు చచ్చినా ఇవ్వమన్నారు. మిగిలింది ఎవోన్. వారం రోజులుగా అతను ఎక్కడికి వెళితే అక్కడ మాటలు ఆగిపోతున్నాయి.

నిజానికి లోలోపల ఒప్పేసుకున్నాడు. ఏటా రెండు మూడు కుటుంబాలు ఊరొదిలి ఆంకరేజ్ పట్నం పోతున్నాయి. పిల్లలు పదిమందికి తగ్గితే బడి మూసేస్తారు. బడి మూసిన ఊరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? రోడ్డు వస్తే పనులొస్తాయి, జనం ఉంటారు. గని మురికి బొట్టు కూడా ఏట్లో కలవదని కంపెనీ వాళ్ళు బొమ్మలు గీసి మరీ చూపించారు.

అయినా నిన్న కంపెనీ మనిషి చెయ్యి చాపితే ఎవోన్ నసిగాడు.

"అమ్మనడిగి చెబుతాను."

అరవై దాటినవాడి నోట ఆ మాట విని కంపెనీ మనిషి వచ్చే నవ్వు ఆపుకున్నాడు. పాపం, మర్యాదస్తుడే. ఆవిడ పేరు అడిగి తెలుసుకుని, పెద్దావిడ ఒకలీనా గారికి ఇవ్వండంటూ ఊలు శాలువా ఒకటి చేతిలో పెట్టాడు.

నవ్వితే నవ్వనీ, ఎవోన్‌కు అడగక తప్పదు. మంచాన పడ్డ రోజుల్లో అమ్మ అతని చెయ్యి పట్టుకుని, ఏటి సంగతి నన్నడక్కుండా తేల్చకురా అని మాట తీసుకుంది.

చేపల కాలంలో ఏటి ఒడ్డున వేసుకునే మకాంలో మేనకోడలు నస్తా చేపలు కోస్తోంది. దండేల నిండా సాల్మన్ ముక్కలు ఎర్రగా వేలాడుతున్నాయి. అమ్మ ఒడ్డున చెక్కపెట్టె మీద కూర్చుని ఏటినే చూస్తోంది.

"అమ్మమ్మ పొద్దున్నుంచీ ఒకటే సతాయింపు మావయ్యా," అంది నస్తా. "తల దువ్వనివ్వలేదు. కాసేపు పడుకోమంటే పడుకోదు. నువ్వొస్తావని ఇక్కడే కూర్చుంది."

ఎవోన్ శాలువా తీసి అమ్మకు కప్పాడు. రెండు చుట్లు చుట్టినా ఇంకా నేల మీద జీరాడుతోంది. అమ్మ దాన్ని వాసన చూసి, మొహం ముడిచి, పక్కన పడేసింది. అతను చేప తలకాయ పులుసు గిన్నె తెచ్చి, ముళ్ళు ఏరి, చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టాడు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాక ఆమెకు నమలడం కష్టంగా ఉంది.

గడియారం చూసుకుంటూ మొదలుపెట్టాడు. రోడ్డు, వంతెన, పనులు, చివరికి బడి.

"బడి పోతే పోనీ," అంది అమ్మ. ఆమెకు బడంటే మొదట్నించీ పడదు. "చేపలో?"

"చేపలకేం కాదమ్మా."

"రేపు వస్తాయా?"

"వస్తాయి."

"వచ్చే ఏడు?"

"వస్తాయమ్మా."

"ఆ తర్వాతో?"

వస్తాయనే కంపెనీ వాళ్ళు చెప్పారని గొణిగి ఎవోన్ మొహం తిప్పేసుకున్నాడు. నీళ్ళ కింద చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగువకు పోతున్నాయి. అవి గుడ్లు పెట్టేది ఆ గని తవ్వే చోటనే.

"ఏరా, ఇటు చూడు."

చూశాడు.

"నీ చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం."

ఎవోన్ చెయ్యి చెవి మీదికి పోయింది. చిన్నప్పుడు అతని అబద్ధాలన్నీ చెవులు చూసే పట్టేసేది అమ్మ. ఆ గుట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు, చనిపోయిన భార్యకు కూడా తెలియదు. వారం రోజులుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నాకు తెలియదమ్మా. ఆ తర్వాత వస్తాయో రావో నిజంగా నాకు తెలియదు."

"తెలియకపోతే వద్దను," అంది అమ్మ. ఖాళీ గిన్నె అతని చేతిలో పెట్టింది.

ఎవోన్ పడవలోకి దిగి రేడియో అందుకున్నాడు. అందులో మాట్లాడితే ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ వినిపిస్తుంది. రోడ్డుకు తన చెయ్యి లేవదని, ఇప్పుడే రాసుకోమని కౌన్సిల్ పెద్ద గస్టీకి చెప్పాడు. గస్టీ రోడ్డు కావాలని మొదట్నించీ పోట్లాడుతున్నవాడు.

"ఎవరెక్కించార్రా నీకు?"

"అమ్మ."

"ఆవిడే వద్దంటే ఇక నేను మాట్లాడేదేముంది," అన్నాడు గస్టీ నీరసంగా.

రెండు దాటింది. కంపెనీ మనిషికి మొహం మీదే చెప్పాలి, శాలువా తిరిగి ఇవ్వాలి. అమ్మను కూడా మీటింగుకు తీసుకుపోదామనిపించి మళ్ళీ ఒడ్డెక్కాడు.

ఆరేళ్ళ కిందట తల్లిని తన చేతులతోనే మట్టిలో పెట్టి, ఆ నెలలోనే నస్తాకు పుట్టిన బిడ్డకు ఒకలీనా అని పేరు పెట్టగానే తల్లి తిరిగొచ్చేసిందని ఊరంతటితో పాటు నమ్మిన ఎవోన్, ఒకటో తరగతి చదువుతున్న అమ్మను చంకనెత్తుకుని పడవెక్కాడు.