కరెంటు వచ్చేలోపల

“అక్కా, బావ యాడ?” పక్కింటి సౌభాగ్య గేటు దగ్గర నుంచే అరిచింది.

పుష్పావతి ఆవుకు కుడితి పెడుతూ తలెత్తింది. “తోటకు పోయినాడు. మోటారు వైరు ఎలకలు కొరికినాయంట, అతుకేసి వస్తానన్యాడు. ఏమే?”

“తోటలకిచ్చే కరెంటు ఈ పొద్దు ముందే ఇడస్తారంట! లైన్‌మన్ ఇప్పుడే చెప్పి పోయినాడు. ఇంగ ఎంతోసేపు లేదు!”

పుష్పావతి చేతిలోంచి బకెట్ జారి కుడితంతా నేలపాలయింది.

బైరకూరు తోటలకు కరెంటు వచ్చేది సాయంత్రమే. ఆ ధీమాతోనే మునీంద్ర మల్బరీ తోటలో కూర్చుని, వట్టి చేతులతో తీగలు విప్పుకుంటూ ఉంటాడు. ఫ్యూజు పీకడానికి ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచే రైతు ఈ చుట్టుపక్కల ఒక్కడుంటే చూపించండి! కరెంటు లేదంటే లేదనే అందరి లెక్క.

“స్టార్టర్ ఆఫ్‌లోనే పెట్టింటాడు లేక్కా. ఆఫ్‌లో ఉంటే వైర్లోకి రాదంట,” అంది సౌభాగ్య. మళ్ళీ తనే, “అయినా నువ్వు ఫోన్ చెయ్యి. నేను మా ఆయన్ను బండి మీద పంపిస్తా,” అంటూ ఇంటికి పరుగెత్తింది.

ఫోన్ చెయ్యి! ఎంత తేలిగ్గా అనేసింది.

పుష్పావతికి చదవడం రాదు. కూతురు అర్పిత బెంగళూరులో యాప్‌లు తయారుచేసే ఆఫీసులో పని చేస్తుంది. “ఈ మైకు గుర్తు నొక్కి పేరు చెప్తే చాలమ్మా, ఫోనే కలుపుతాది,” అని ఒకసారి నేర్పబోయింది. పుష్పావతి చెంపలేసుకుంది. “మొగుడి పేరు నోటితోనా? నాకేం పొయ్యేకాలమా!” పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె పలికింది లేదు. గుడిలో అర్చన చేయించేటప్పుడు కూడా కూతురే చెప్పాలి. అర్పిత తల పట్టుకుని, చివరికి అన్ని నంబర్లకూ ఫొటోలు పెట్టిచ్చింది. చదవక్కర్లేదు, పలకక్కర్లేదు. ముఖం చూడు, నొక్కు. ఎంత బాగా ఆలోచించిందమ్మా పిల్ల అని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ ఫోనే తీసింది పుష్పావతి. తెల్ల చొక్కాతో, నుదుట కుంకుమతో, మొదట కంటబడిన గుండ్రటి బిళ్ళలో నవ్వుతూ ఉన్నాడు మునీంద్ర. నొక్కింది.

ఒక్కసారి మోగింది. కట్ అయింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ కట్.

“అయ్యో, ఎత్తయ్యా సామీ!”

పనిలో ఉండగా ఫోన్ చేస్తే ఆయనకు చిర్రెత్తుకొస్తుందని ఆమెకు తెలుసు. కానీ ఈ పూట కూడానా? నొక్కింది, నొక్కింది, నొక్కుతూనే తోటవైపు పరుగు తీసింది.

“ఆ పెట్టెకైతే ఒక్క రింగు చాలునంట. ఈ మనిషికి ఎన్నిచ్చినా చాలదే!” అని ఏడుస్తూనే తిట్టింది.

పెట్టె అంటే పోయిన నెల తోటలో బిగించిన కొత్త స్టార్టర్. దానికో నంబరుంది. మొగుడూ పెళ్ళాల ఫోన్లు రెండూ దానికి తెలుసు. రింగిస్తే మోటారు వేస్తుంది. కరెంటు లేకపోతే గుర్తుపెట్టుకుని, వచ్చిన క్షణమే వేస్తుంది. వెయ్యమంటారా వద్దా అని మారు మాట అడగదు. చదువు రానివాళ్ళకు కూడా ఇంత సులువైనది ఇంకోటి లేదని అమ్మినవాడు తెగ పొగిడాడు. ఇంటిల్లిపాదీ టెంకాయ కొట్టి దానికి పూజ చేశారు. పుష్పావతి మాత్రం ఇంతవరకూ దాని జోలికి పోలేదు.

సగం దారిలో ఉండగా నాలుగు దిక్కులా మోటార్లు గుర్రుమన్నాయి. కరెంటు వచ్చేసింది.

ఆమె కాళ్ళు నిలిచిపోయాయి. ఇంకేం చెయ్యాలో తోచలేదు. మైకు గుర్తు నొక్కి, ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

“మునీంద్ర,” అంది.

ఫోన్ కలిసింది. ఈసారి కట్ కాలేదు. మోగుతూనే ఉంది. తోటదాకా పరుగెత్తేసరికి ఆ మోత వినబడింది. గట్టు మీది వేపకొమ్మకు తగిలించిన చొక్కా జేబులోంచి వస్తోంది. చొక్కా ఉంది. మనిషి బోరు పక్కన పడి ఉన్నాడు. సౌభాగ్య మొగుడు గుండప్ప అప్పటికే వచ్చి, స్టార్టర్ ఆపి, మునీంద్ర ఛాతీ మీద రుద్దుతున్నాడు. ఎంత రుద్దినా చలనం లేదు.

“స్టార్టర్ ఆన్‌లో పెట్టుకుని వైరు పట్టుకుంటారా ఎవురైనా? ఇంత తెలిసిన మనిషి ఎట్ల చేసినాడమ్మా ఈ పని!” అని గుండప్ప నెత్తి కొట్టుకున్నాడు.

సాయంత్రానికి అర్పిత వచ్చింది. పుష్పావతి కూతురి చేతులు పట్టుకుని భోరుమంది. “చెప్పాలనే చేసినా తల్లీ. మీ నాయన ఎత్తనే లేదు. ఒక్క రింగుకే కట్ చేసినాడు. ఇదో చూడు, ఈ ముఖమే! ఎన్నిసార్లు నొక్కినానో ఆ దేవుడికే తెలుసు.”

అర్పిత ఆ బిళ్ళను వేలితో తాకి ఫొటో మొత్తం తెరిచింది: పూజ రోజున తనే తీసి మోటారు నంబరుకు పెట్టిన ఫొటో అది, గుండ్రంలో పట్టక తెగిపోయిన సగంలో, నాయన చెయ్యి ఆనించి నిలబడిన కొత్త స్టార్టర్ పెట్టె ఉంది.